ఆరేయడం వేరు, ఆరేసుకోవడం వేరు

మా అమ్మకు ఎనభై ఎనిమిదేళ్లు. హోసూరు పక్క పల్లెలో పుట్టి, ఆ చుట్టుపక్కలే కాపురం చేసి, రెండేళ్ల కిందట బెంగుళూరులో మా అపార్ట్‌మెంటుకు వచ్చింది. వచ్చిన మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, పిండిన తడిచీర భుజాన వేసుకొని హాల్లోకి వచ్చి మా మనవరాలిని అడిగింది: "పాపా, దండెం యాడుండాది?" పాపకు ఏడేళ్లు. బళ్లో ఇంగ్లీషు, కన్నడం, ఇంట్లో తెలుగు. అవ్వ ఏదో అడుగుతోందని అర్థమై, రెండు చేతులూ జోడించి చక్కగా దండం పెట్టింది.

అందరం నవ్వినాం. అమ్మా నవ్వింది. నవ్వి, "దండం కాదే, దండెం. చీర ఆరేసేది" అనింది. అప్పుడు నా నవ్వు ఆగింది. ఎందుకంటే మా ఇంట్లో దండెం లేదు. బాల్కనీలో ఉన్న రెండు నైలాన్ తాళ్లూ మూడు నెలల ముందే విప్పేసినాం. బయటికి కనపడేట్టు గుడ్డలు ఆరేయరాదు, బిల్డింగు అందం చెడుతుంది అని అపార్ట్‌మెంటు సంఘం సర్క్యులర్ పంపింది. దాని కింద రెండు సంతకాలు. ఒకటి సెక్రటరీది. రెండోది ట్రెజరర్‌ది, అంటే నాది.

ఇంకో సంగతి. సర్క్యులర్ పంపిన ఆ వాట్సాప్ గ్రూపులోనే కొన్నాళ్లకు ఎవరో ఒక వీడియో పెట్టినారు. పల్లెలో ఒక పెరడు, తాడు మీద రంగురంగుల చీరలు, వెనకాల ‘అడవి రాముడు’లోని ‘ఆరేసుకోబోయి’ పాట. ఎంత అందం, ఆ రోజులే వేరు అని ముప్పై మంది హృదయం గుర్తులు పెట్టినారు. నేనూ పెట్టినాను. తాడు విప్పించినదీ మేమే, తాడు చూసి మురిసిపోయిందీ మేమే. ఈ రెండు పద్దులూ ఎట్లా టాలీ అవుతాయో అర్థం కాక ఇది రాస్తున్నాను. నేను చదివింది బీకాం, చేసింది బ్యాంకు ఉద్యోగం. సాహిత్య విమర్శ నా పని కాదు. కానీ ఆ పాటను, ఆ బొమ్మలను మన మాటల వైపు నుంచి ఒకసారి తనిఖీ చేయాలనిపించింది.

ముందు దండెం గురించి. పాప పొరపాటు పడింది గానీ మరీ దూరం పోలేదు. దండం అంటే కర్ర. మా పాత ఇంట్లో దండెం అంటే తాడు కానే కాదు, వెదురు గడ. దూలానికి రెండు తాళ్లు కట్టి, వాటి నడుమ అడ్డంగా గడ వేలాడదీసేవాళ్లు. ఇంట్లో ఉండేది గడ దండెం, పెరట్లో కట్టేది తాడు దండెం. పేరు మాత్రం రెంటికీ అదే. మా వీధిలో తమిళం మాట్లాడే ఇళ్లలో దాన్ని కొడి అంటారు. తమిళంలో కొడి అంటే తీగ కూడా, జెండా కూడా. మనకు కర్రగా కనబడింది వాళ్లకు తీగగా కనబడింది. రెండూ బాగానే ఉన్నాయి. మా ఊళ్లో తెలుగువాళ్లు చాలామంది రెండు మాటలూ వాడతారు. అమ్మతో దండెం, పక్కింటి అక్కతో కొడి.

ఇక క్రియ. ఇక్కడే అసలు సంగతి ఉంది. తెలుగులో ఆరడం, ఎండడం రెండూ ఒకటి కావు. గుడ్డ ఆరుతుంది, మిరపకాయ ఎండుతుంది. ఆరిన గుడ్డను మళ్లీ తడపవచ్చు. ఎండిన మిరపకాయను ఎంత నానేసినా మళ్లీ పచ్చిమిరపకాయ కాదు. దీపం ఆరుతుంది, పుండు ఆరుతుంది, వేడి అన్నం ఆరుతుంది. చెట్టు ఎండుతుంది, చెరువు ఎండుతుంది, డొక్క ఎండుతుంది. ఆరడానికి గాలి చాలు. ఎండడానికి ఎండ కావాలి. బరంపురంలో పనిచేసినప్పుడు మా ఆవిడ అక్కడి పట్టుచీర కొనుక్కుంది. అమ్మినాయన తెలుగాయనే. "నీడన ఆరబెట్టండమ్మా, ఎండబెట్టొద్దు" అన్నాడు. ఆ ఒక్క మాటలో చీర ఎట్లా కాపాడుకోవాలో మొత్తం చెప్పేసినాడు. రెండు క్రియలు ఉన్న భాషకే ఆ సౌకర్యం.

మన చుట్టూ ఉన్న భాషల్లో ఇది అన్నిచోట్లా ఇట్లా లేదు. కన్నడంలో ఉంది. వాళ్లకు ఆరు ఉంది, ఒణగు ఉంది. గుడ్డలు ఆరేయడాన్ని ఆరహాకు అంటారు, అచ్చం మన ఆరవేయు లాగా. తమిళంలో గుడ్డలూ కాయుతాయి, మిరపకాయలూ కాయుతాయి. ఆ కాయడం మనకు కొత్తేమీ కాదు, ‘ఎండ కాస్తోంది’ అనడంలో ఉన్నది అదే. మన ఆరు వాళ్లకూ ఉంది గానీ, అక్కడ వేడి చల్లారుతుంది, పుండు మానుతుంది, గుడ్డ జోలికి మాత్రం రాదు. మరాఠీలో ‘వాళత ఘాలణే’ అని గుడ్డలకూ వడియాలకూ ఒకటే మాట. ఒడియాలో రెంటికీ ‘శుఖేఇబా’.

దీని ఫలితం మన ఇళ్లలో కనబడుతుంది. తమిళం ఎక్కువగా నడిచే మా చిన్నాన్న ఇంట్లో గుడ్డలు కూడా ఎండుతాయి. ‘చొక్కా ఎండిందా?’ అంటారు. షోలాపూరులో మగ్గాల మీద బతికిన తెలుగు ఇళ్లు తూర్పు భాగంలో ఎన్నో. నేను అద్దెకున్న ఇంటి పెద్దమ్మ మాత్రం రంగు వేసిన నూలు చిలపలను వెదురు గడల మీద వేసి, ‘ఆరనీ, ఆరనీ’ అనేది. ఆమె కోడలు అదే పనికి ‘వాళత’ అనేది. ఒక ఇంట్లో, ఒక వాకిట్లో, రెండు తరాలు. యానాంలో ఈ గొడవే లేదు, అది గోదావరి తెలుగే. అక్కడ దండెం దండెమే, ఆరేయడం ఆరేయడమే. గోదావరి మీద నుంచి వచ్చే తేమ వల్ల ఆరడం మాత్రం కష్టం.

ఇప్పుడు పాటకు వస్తాను. ‘అడవి రాముడు’ 1977లో వచ్చింది. నేను అప్పుడు బీకాం చదువుతున్నాను. బెంగుళూరు వెళ్లి రెండుసార్లు చూసినాం. ఎన్టీఆర్, జయప్రద, రాఘవేంద్రరావు, వేటూరి, కె.వి. మహదేవన్. సినిమాలో చాలా భాగం ముదుమలై అడవిలో తీసినారు. అంటే తమిళనాడు, కర్ణాటక కలిసే చోట. బాణీ కట్టిన మహదేవన్ నాగర్‌కోయిల్ ప్రాంతం ఆయన. ఆంధ్ర దేశాన్ని ఊపేసిన పాటలో మన సరిహద్దు గాలి కూడా కొంచెం ఉందని నాకు ఇప్పటికీ ఒక చిన్న గర్వం.

వేటూరి గొప్పతనం నాకు తెలిసినంతలో చెప్తాను. ఆ పల్లవిలో ఆయన రెండు ఇంటి మాటలను ఎదురెదురు నిలబెట్టినాడు. ఆరేసుకోవడం ఒకటి, పారేసుకోవడం ఒకటి. ప్రాస కుదిరింది కదా అని ఊరుకుంటే సగమే విన్నట్టు. ‘కొను’ అనే చిన్న ముక్క ఏం చేస్తుందో చూడండి. పారేసింది అంటే కావాలని విసిరేసింది. పారేసుకుంది అంటే తెలియకుండా పోగొట్టుకుంది. ఒక్క ‘కొను’తో అర్థమే తిరగబడింది. మనసు పోగొట్టుకోవడానికి అంతకంటే సరైన క్రియ లేదు. ఏ సంస్కృత సమాసమూ ఆ పని చేయలేదు. చదువురాని మా అవ్వకు కూడా ఆ పాట మొదటి వినికిడికే అర్థమైంది.

ఆరేసుకోవడంలోనూ అదే ‘కొను’ ఉంది. వండింది వేరు, వండుకుంది వేరు. ఆరేసింది వేరు, ఆరేసుకుంది వేరు. తనది తను వేసుకుంటే ఆరేసుకోవడం. పాటలోని అమ్మాయి తన కోక తను ఆరేసుకోబోయింది. అది సరదా పని. కొండగాలి వచ్చి ఎత్తుకుపోయింది, ఇంకా సరదా. అసలు ‘బోయి’ అన్నాడు కాబట్టి ఆరేయడం జరగనే లేదు. ఆ పాట మొత్తంలో ఒక్క గుడ్డ కూడా ఆరదు. మా ఆవిడ అయితే మొదటిసారి విన్నప్పుడే అనింది, కొండ మీద గాలిలో చీరకు రాయి పెట్టకుండా ఎవరైనా పరుస్తారా అని.

ఇది వేటూరి తప్పు కాదు. యుగళగీతంలో పిన్నుల లెక్క ఎవరూ అడగరు. నా అభ్యంతరం పాట మీద కాదు, ఆ పాటను తెచ్చి ఇంటి దండేనికి తగిలించిన మా మీద. ఆ వీడియోలో తాడు మీద ఏమున్నాయి? మూడు చీరలు, రెండు లుంగీలు, పిల్లల చొక్కాలు, ఒక దుప్పటి. అవి ఒక మనిషివి కావు. ఎవరో ఒకామె ఇంటిల్లిపాదివీ ఉతికి, జాడించి, పిండి, ఆరేసింది. ఆరేసుకోలేదు, ఆరేసింది. ఆ తాడుకు ఆ పాట అతకదు. పాటలో ఉన్న అందం ‘కొను’లో ఉంది. దండెం మీద ఉన్న పని ‘కొను’ లేకపోవడంలో ఉంది.

ముంబై మహాలక్ష్మి స్టేషన్ పక్కన ధోబీఘాట్ ఉంది. 1890లో కట్టింది. ట్రైనింగుకు వెళ్లినప్పుడు నేనూ అందరిలాగే వంతెన మీద నిలబడి చూసినాను. పై నుంచి చూస్తే తెల్ల దుప్పట్లు ఒక వరుస, ఆకుపచ్చ ఆసుపత్రి గుడ్డలు ఒక వరుస. ఎన్నో కెమెరాలు అక్కడి నుంచే తీస్తాయి. ఫోటోలు బాగుంటాయి కూడా. కానీ కిందికి దిగితే వేరే సంగతులు తెలుస్తాయి. అక్కడ పిన్నులు ఉండవు. తాళ్లను మెలిపెట్టి, ఆ మెలికల మధ్య గుడ్డ కొస దోపుతారు. ఎంత గాలి వచ్చినా జారదు, తీసేటప్పుడు ఒక లాగుడుకు వచ్చేస్తుంది. వంతెన మీద నుంచి ఈ మెలిక కనబడదు.

అట్లాగే గుర్తులు. వెయ్యి ఇళ్ల గుడ్డలు కలిసినా ఏది ఎవరిదో చాకలికి తెలిసేది గుర్తును బట్టి. మా చిన్నప్పుడు ఆ గుర్తు నల్లజీడి రసంతో పెట్టేవాళ్లు. మీద సున్నం అద్దితే నల్లగా పట్టి, ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు. అదే గింజ తమిళంలో సేంగొట్టై, మరాఠీలో బిబ్బా. మా ఇంటి గుర్తు మూడు చుక్కలు, ఒక గీత. మా ఊరి చాకలామె చదువుకోలేదు. కానీ రెండు వందల ఇళ్ల గుర్తులు ఆమెకు కంఠస్థం. లెడ్జర్ ఫోలియో నంబర్లు గుర్తుపెట్టుకోలేక అవస్థ పడ్డ నాకు ఆమె జ్ఞాపకశక్తి విలువ తర్వాత తెలిసింది. ‘చాకలి పద్దు’ అని మనవాళ్లు తేలిగ్గా తీసేసే లెక్కలో నిజానికి పొరపాటు వస్తే పట్టుపంచె పోతుంది.

ఆమెను మేము పేరు పెట్టి పిలిచేవాళ్లం, ఆమె వయసు మా అవ్వ వయసు. మా గుడ్డలు మా పెరట్లోకి వచ్చి ఆరేసేది, తాగడానికి నీళ్లు మాత్రం చేతిలో పోసేవాళ్లం. ఆమె తన గుడ్డలు ఎప్పుడు ఉతుక్కునేదో, యాడ ఆరేసుకునేదో నేను ఎప్పుడూ చూడలేదు. చూడాలని తోచనే లేదు. ‘ఆ రోజులే వేరు’ అనే ముందు ఈ పద్దు కూడా రాయాలి.

దండెం మీద కనబడేవి కాకుండా కనబడనివీ ఉంటాయి. మడి పాటించే ఇళ్లలో దండెం చేతికి అందనంత ఎత్తులో ఉండేది. కర్రతో వేసి, కర్రతో తీసేవాళ్లు, ఎవరూ తగలకూడదని. ఆ కర్ర ఎవరిని దూరం పెట్టడానికో అందరికీ తెలుసు. ఇంకో వైపు, ఆడవాళ్లు నెలనెలా వాడే గుడ్డలు ఉండేవి. మా ఇంట్లో అవి పశువుల కొట్టం వెనకాల, పాత గోనెపట్ట కింద దాచి ఆరేసేవాళ్లని నాకు పెళ్లయిన తర్వాతే తెలిసింది. వాటిని మంచి ఎండలో వేయాలని డాక్టర్లు చెప్తారు. ఎండ తగలాల్సిన గుడ్డకే ఎండ దొరకలేదు. అది గోనెపట్ట కింద ఆరింది గానీ ఎండలేదు. ఇందాక చెప్పిన రెండు క్రియల తేడా ఇక్కడ భాషా విషయం కాదు, ఒంటి విషయం.

ఇంత చెప్పి నన్ను నేను వదిలేస్తే బాగుండదు. బ్యాంకులో సబ్‌స్టాఫుకు యూనిఫారం ఉతుక్కోవడానికి వాషింగ్ అలవెన్స్ అని ఉండేది. చిన్న మొత్తం. ఏళ్ల తరబడి నెలనెలా ఆ వోచర్ల మీద సంతకం పెట్టినాను. పేరు ప్యూన్‌ది, సంతకం నాది. ఉతికి, గంజి పెట్టి, ఆరేసినది ఆయన భార్య. ఆమె పేరు ఏ కాలమ్‌లోనూ లేదు. మా ఇంట్లో అయితే ఆ వోచరు కూడా లేదు. అరవై ఏళ్లు దాటేదాకా నేను ఒక్క తువ్వాలు ఆరేసి ఎరగను. ఆరినవి మడతపెట్టి బీరువాలో ఉంటాయి, తీసి వేసుకోవడమే. అట్లాంటి మనిషి దండెం అందం చెడుస్తుందని సర్క్యులర్ మీద సంతకం పెట్టినాడు. ఆ మనిషే వీడియో కింద హృదయం గుర్తు పెట్టినాడు. టాలీ కాలేదన్నాను కదా. ఇప్పుడు చూస్తే రెండూ ఒకే పద్దు. రెండు చోట్లా నేను వంతెన మీద నుంచే చూసినాను.

తర్వాత ఏం జరిగిందంటే, మా ఆవిడకు కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవదు. మెషీన్లో గుడ్డలు తిరుగుతాయి గానీ తాడు మీదికి వాటంతట అవి ఎక్కవు. మడత స్టాండు ఒకటి కొని హాల్లో పెట్టినాం. ఆ వర్షాకాలం ఇల్లంతా ముగ్గు వాసన. సంఘం మీటింగులో నేనే లేచి, సర్క్యులర్ వాపసు తీసుకుందాం అన్నాను. ట్రెజరరే అట్లా అంటే ఎట్లా అని ఒకాయన కోప్పడినాడు. గంట వాదన తర్వాత రాజీ కుదిరింది. మేడ మీద తాళ్లు కట్టవచ్చు. బాల్కనీలో అయితే కటకటాల ఎత్తు దాటకూడదు, కింద నుంచి కనపడకూడదు.

మేడ ఎక్కడం అమ్మకు కాదు. బాల్కనీలో నడుము ఎత్తులో తాడు కట్టినాను. అమ్మ చూసి, "ఇది దండెమా, దూడను కట్టే తాడా?" అనింది. అనింది గానీ కుర్చీ వేసుకొని పక్కన కూర్చుంది. ఆరేసే పని ఇప్పుడు నాది, నేర్పే పని ఆమెది. చొక్కాను భుజాలు పట్టి వేస్తే భుజాల దగ్గర గుబ్బలు పడతాయి, కింది అంచు పట్టి తలకిందులుగా వెయ్యి. రంగు గుడ్డను తిరగేసి వెయ్యి, లేకుంటే ఎండకు వెలిసిపోతాది. తాడు మీద వేసే ముందు రెండుసార్లు గట్టిగా దులుపు, ముడతలు సగం అక్కడే పోతాయి. లోపలి గుడ్డలు నడుమ వెయ్యి, చీర బయటి వరసలో. దులిపినప్పుడు వచ్చే ఆ ‘ఫట్’మనే శబ్దం, మొహం మీద పడే తుంపర, పదిన్నర ఎండలో తడి గుడ్డ వాసన, ఇవన్నీ అందమే, కాదనను. నాకు నిజంగా నచ్చుతున్నాయి. అయితే ఇవి వంతెన మీదికి వచ్చేవి కావు. తాడు దగ్గర నిలబడితేనే తెలుస్తాయి, మధ్యాహ్నానికి భుజాల నొప్పీ తెలుస్తుంది.

కాబట్టి ఆ పాటను వినండి, నేనూ వింటాను. ఆరేసుకోవడం అనే మాట మన పిల్లలకు ఇంకా చెవిన పడుతోందంటే ఆ పాట పుణ్యమే. కానీ పాట ఒక్కటే మిగిలితే చాలదు. పాటలో దండెం లేదు, చాకలి గుర్తు లేదు, నీడన ఆరబెట్టమనే జాగ్రత్త లేదు. అవి ఇళ్లలో ఉండాలి. తాళ్లు విప్పేస్తే మాటలు ఎక్కడ తగిలిస్తాం?

పాపకు ఇప్పుడు దండెం అంటే తెలుసు. మొన్న బడి నుంచి వచ్చి తన తడి సాక్సు తెచ్చి తాడు మీద వేసి, "అవ్వా, ఆరేసుకున్నాను" అనింది. తనది తను వేసుకుంది కాబట్టి మాట సరిగ్గానే వాడింది. తాతవి కూడా వెయ్యమంటే మాత్రం పారిపోయింది.

హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూరు, యానాం, ఇంకా ఎక్కడున్నా సరే, మీ ఇంట్లో గుడ్డలు ఆరుతాయా, ఎండుతాయా, కాయుతాయా? తాడును ఏమంటారు? మీ ఇంటి చాకలి గుర్తు ఎవరికైనా జ్ఞాపకం ఉందా? మగవాళ్లు జవాబు రాసేముందు ఇంట్లో ఆరేసేవాళ్లను ఒక మాట అడిగి రాయండి.